నాలుగు డిగ్రీల రిజిస్టరు

తొమ్మిదేళ్లపాటు నా బతుకు ఒక్క అంకె చుట్టూ తిరిగింది. ఆ అంకె నాలుగు.

సైనిక్‌పురిలో ఒక రిటైర్డ్ మిలిటరీ ఆయన ఇంటిని అద్దెకు తీసుకుని నడిపే చిన్న విత్తనాల ల్యాబులో నేను టెక్నీషియన్ని. ఇంటాయన ఒకప్పుడు కారు పెట్టుకున్న రేకుల షెడ్డుకు లోపల థర్మాకోల్ పలకలు బిగించి, ఒక కంప్రెసర్ పెట్టి, దాన్నే చలిగది చేశారు. లోపల ఎప్పుడూ నాలుగు డిగ్రీలుండాలి. ఉన్నాయో లేవో రోజుకు మూడుసార్లు, తొమ్మిదింటికి, ఒంటిగంటకు, అయిదింటికి, తలుపు తీసి చూసి రిజిస్టర్లో రాయాలి. ఆదివారం లేదు, పండగ లేదు. దానంతట అదే రాసుకునే యంత్రం ఒకటి ఉండేది, అది పాడై ఏడాది దాటింది. వేడెక్కితే మోగాల్సిన అలారం ఒకటి ఉండేది, ఇంటాయన మధ్యాహ్నపు కునుకు చెడుతోందని దాని తీగ మేమే పీకేశాం. ఇక ఆ గదికి కళ్లూ చెవులూ నేనే. ఏటా మార్చిలో కాంట్రాక్టు ఇంకో ఏడాది పొడిగించేవాళ్లు. వచ్చే ఏడు పర్మనెంట్ చేస్తామనేవాళ్లు, నేనూ సరే అనేవాణ్ణి.

మా ఇల్లు మోండా మార్కెట్ వెనక సందులో. నాయిన మార్కెట్లో ఆకుకూరలు అమ్ముతాడు. గోధుమను పూయించడమే మా ల్యాబు పని అని నేను ఎన్నిసార్లు చెప్పినా ఆయన తల అడ్డంగా ఊపేవాడు. ఆయన వ్యాపారంలో పూత అంటే నష్టం. ఎండలు ముదిరితే కొత్తిమీర తొందరపడి కాడ లేపి తెల్లపూలు పెడుతుంది, ఆ కట్టను ఎవరూ ముట్టుకోరు.

"మేమేమో పూత రావద్దని మొక్కుతం. మీరేమో పూత కోసం మనుషులను వెట్టి జీతాలిస్తరు. గిదేం నౌకరిరా?" అనేవాడు.

నాకూ కొన్నాళ్లు అలాగే అనిపించింది. ఆ అమ్మాయి వచ్చాక మారింది. శ్రీకాకుళం వైపు పిల్ల. యూనివర్సిటీలో పీహెచ్‌డీ చేస్తూ, అక్కడ చలిగది ఖాళీ లేక మా షెడ్డుకు వచ్చింది. మొదటిరోజు మేడం అన్నాను. "మేడం ఏటన్నా, మా ఊళ్లో ఎవరైనా వింటే నవ్వుతారు" అంది. అప్పట్నుంచి నేను చెల్లె అన్నాను, తను అన్నా అంది. తన దగ్గర ఒక చిన్న కవర్లో కొండగోధుమ గింజలు ఉండేవి. ఉత్తరాన మంచు పడే ఒక ఊరినుంచి తెచ్చినవి. ఆ కవర్ని తాళి బొట్టులా దాచుకునేది.

ఈ గోధుమ సంగతి నాకు విడమరిచి చెప్పింది తనే. ఆ కొండల్లో చలికాలానికి ముందే విత్తుతారట. మొలిచిన గడ్డి నెలల తరబడి మంచు కింద పడి ఉంటుంది. అది తొందరపడి చలికి ముందే వెన్ను, అంటే కంకి, తీసిందంటే పువ్వు గడ్డకట్టి చస్తుంది, గింజ రాదు. అందుకని ఆ మొక్క తనకు తానే లోపలినుంచి గొళ్లెం పెట్టుకుంటుంది. వారాల తరబడి చలి తగిలితే తప్ప ఆ గొళ్లెం తీయదు. ఒక చల్లని రోజును చూసి మోసపోదు, ఒక చల్లని వారాన్నీ నమ్మదు. చలి లెక్క నిండాక కూడా వెంటనే పూయదు, పగలు పొడుగయ్యే దాకా ఆగుతుంది. పగటి పొడుగును ఆకులు కనిపెడతాయి. చలిని కనిపెట్టేది మాత్రం మొక్క అడుగున, ఆకుల మధ్య దాక్కున్న, ఆవగింజలో సగం కూడా లేని మొన. ఆ మొనే తర్వాత వెన్ను అవుతుంది.

"చలే తగలకపోతే?" అని అడిగాను.

"ఏటీ అవ్వదన్నా. చావదు. పచ్చగా, బలంగా, ఆకులు వేసుకుంటూ ఉండిపోతాది. చూసినోళ్లు ఎంత బాగుందో అనుకుంటారు. అంతే, గడ్డిగానే ఉండిపోతాది."

తొమ్మిదేళ్ల కాంట్రాక్టువాణ్ణి కదా, ఆ మాట నాకు సర్రున తగిలింది. నవ్వేసి ఊరుకున్నాను.

ఇంకొకటి కూడా చెప్పింది. చలి లెక్క సగంలో ఉండగా గట్టి వేడి తగిలితే, మొక్క అప్పటిదాకా లెక్కపెట్టిందంతా మరిచిపోతుందట. మళ్లీ ఒకటి నుంచి మొదలు. "అందుకే అన్నా, ఎనిమిది వారాలు ఆ తలుపు మీ చేతిలో ఉంటాది" అంది. అంటే, తెలియక చేశాను అనే వీలు నాకు లేదు. అది ముందే చెప్పేస్తున్నాను.

ఇక రిజిస్టరు సంగతి. నేను చేరిన కొత్తలో అక్కడ ఒక సీనియర్ ఉండేవాడు. ఆయన నాకు నేర్పిన మొదటి విద్య చలిగది నడపడం కాదు, రానిరోజు రీడింగులు ముందే రాసి పెట్టుకోవడం. "అన్నీ నాలుగే రాస్తే దొరికిపోతవ్ బిడ్డా. ఒకటి మూడు పాయింట్ తొమ్మిది, ఒకటి నాలుగు పాయింట్ రెండు, మధ్యాహ్నం జెర ఎక్కువ. తలుపు తీస్తం గదా, గందుకు" అని చెప్పాడు. పెన్ను కూడా మార్చమన్నాడు. సోమవారానికి నీలం, మంగళవారానికి నలుపు. ఇదేదో మా ల్యాబులోనే పుట్టిన పాపం కాదు. అంకెలు రాసే నౌకరీ చేసిన ఎవరినైనా ఒంటరిగా కూర్చోబెట్టి అడగండి. గది ఎలాగూ నాలుగులోనే ఉంటుంది, నేను చూసినా చూడకపోయినా. అదీ మా ధీమా. తొమ్మిదేళ్లలో ఆ ధీమా ఒక్కసారి కూడా వమ్ము కాలేదు.

జూన్ మధ్యలో ఇరవై నాలుగు మొక్కల్ని చలిగదిలో పెట్టాం. పోలికకోసం అదే గోధుమను కొన్ని కుండీల్లో చలి లేకుండా బయటి గదిలో ఉంచాం. చలి అక్కరలేని మామూలు గోధుమను కూడా కొంత పక్కన పెట్టాం. ఆ పిల్ల రోజూ తొమ్మిదికి ముందే వచ్చి తలుపు ముందు నిలబడేది. నెల రోజులు ఒక్క సెలవు తీసుకోలేదు. ఇంటినుంచి ఫోనొస్తే, మొక్కలున్నాయమ్మా అని పెట్టేసేది. అయిదో వారంలో నాకే జాలేసింది.

"నాలుగు రోజులు ఇంటికి పోయిరా చెల్లె. నేనున్న గదా. పరేషాన్ గాకు" అన్నాను.

రెండుసార్లు కాదంది. మూడోసారి బ్యాగు సర్దుకుంది. శుక్రవారం సాయంత్రం సికింద్రాబాద్ స్టేషన్లో రైలెక్కించి వచ్చింది నేనే.

ఆ ఆదివారం మా సికింద్రాబాద్‌లో లష్కర్ బోనాలు. మా సందులో పుట్టినవాడికి ఆ రెండు రోజులు సైనిక్‌పురి ఒక ఊరే కాదు. పొద్దున్నుంచే అమ్మవారి గుడి చుట్టూ అడ్డుకట్టలు కడతారు, బస్సులు వేరేదారిన పోతాయి, మా ఇంటి గుమ్మం దాకా క్యూ వస్తుంది. అమ్మ బోనం కుండ ఎత్తుకుంటే పక్కన నడవాల్సింది పెద్దకొడుకునైన నేనే. సోమవారం రంగం, అంటే భవిష్యవాణి, తర్వాత ఊరేగింపు. ఇదంతా నాకు ముందే తెలుసు. చెల్లెను బలవంతంగా పంపినప్పుడు కూడా తెలుసు. శనివారం అయిదింటి రీడింగు రాశాక, కుర్చీ లాక్కుని కూర్చుని ఆదివారానికి మూడు, సోమవారానికి మూడు, మొత్తం ఆరు అంకెలు రాసేశాను. ఎప్పుడూ చేసే పనే. నాలుగు పాయింట్ ఒకటి, నాలుగు పాయింట్ మూడు, మూడు పాయింట్ తొమ్మిది. పెన్ను మార్చడం కూడా మరిచిపోలేదు.

మంగళవారం తొమ్మిదికి పది నిమిషాల ముందు తలుపు తీశాను. వేడి మొహానికి కొట్టింది. తడిమట్టి ఉడికిన వాసన. కంప్రెసర్ లైను స్విచ్చు ఎప్పుడో పడిపోయింది. లైట్ల లైను వేరు కాబట్టి అవి టైము ప్రకారం వెలుగుతూనే ఉన్నాయి, లోపల గాలి తిప్పే ఫ్యాను తిరుగుతూనే ఉంది. పైన రేకు, చుట్టూ థర్మాకోల్. చలిని బయటికి పోనివ్వని గోడలు వేడిని మాత్రం ఎందుకు పోనిస్తాయి?

ఆ గదిలో ఉన్నది పాతకాలపు గాజు థర్మామీటర్. అందులో సన్నని ఇనుప సూది ఒకటి ఉంటుంది. వేడి ఎంతదాకా ఎక్కిందో అక్కడే అది నిలబడిపోతుంది. చూసి రాసుకున్నాక చిన్న అయస్కాంతంతో మనమే దాన్ని కిందికి దించాలి. ఆ పొద్దున సూది ముప్పై ఎనిమిది దగ్గర ఉంది. కాసేపు దాన్నే చూస్తూ నిలబడ్డాను. తర్వాత స్విచ్చు పైకి వేశాను. కంప్రెసర్ గురగురమని మొదలైంది. జేబులోంచి అయస్కాంతం తీసి సూదిని కిందికి లాగాను. బల్ల దగ్గరికి వెళ్లి మంగళవారం తొమ్మిది గంటల గడిలో నాలుగు పాయింట్ సున్నా అని రాశాను. ముందటి ఆరూ బద్ధకంతో రాసినవి. ఈ ఏడోది మాత్రం ముప్పై ఎనిమిదిని కళ్లారా చూసి రాసింది.

మధ్యాహ్నానికి గది చల్లబడింది. ఆ పిల్ల రైలు దిగి నేరుగా వచ్చింది, చేతిలో ఇంటినుంచి తెచ్చిన జీడిపప్పు పొట్లం. మొక్కల్ని చూసి మురిసిపోయింది. "రెండు వేళ్ల ఎత్తు పెరిగాయి అన్నా! మీ చెయ్యి మంచిది" అంది. నేను జీడిపప్పు నోట్లో వేసుకున్నాను. నమలడం మరిచిపోయి అలాగే ఉన్నాను.

అప్పుడే చెప్పాల్సింది. చెప్పి ఉంటే నష్టం అయిదు వారాలు, అంతే. నేనేమో మొక్కల మీద భారం వేసి కూర్చున్నాను. మరిచిపోయాయో లేదో ఎవరికి తెలుసు, ఇంకా మూడు వారాల చలి ఉంది కదా, సర్దుకుంటాయేమో అనుకున్నాను. నా కాంట్రాక్టు కూడా గుర్తొచ్చింది. అబద్ధపు రీడింగు అని తేలితే మర్నాడే ఇంటికి పంపుతారు. మనిషి పిరికివాడైనప్పుడు ఆశ ఎంత బాగా పనికొస్తుందో ఆ నెలలో తెలిసింది.

ఆగస్టులో ఎనిమిది వారాలూ నిండాయని రిజిస్టరు చెప్పింది. మొక్కల్ని వెలుతురు గదిలోకి మార్చాం. అక్కడ రోజుకు పదహారు గంటల పగలు. సికింద్రాబాద్ ఆకాశం ఎండాకాలంలో కూడా అంత పొడుగు పగలు ఇవ్వదు, అందుకని టైమర్‌తో లైట్లు. టైమర్ మీద ఎవరూ ముట్టుకోకుండా ఆ పిల్ల తెల్ల టేపు అంటించి, దానిమీద పెద్దగా 16 అని రాసింది.

మామూలు గోధుమ ఆ వెలుతురులో నలభై రోజులు దాటగానే నిటారుగా లేచి వెన్నులు తీసింది. కొండగోధుమ మాత్రం కుండీ నిండా పరుచుకుని పిలకలు వేస్తూ పోయింది. ఆ పిల్ల వారానికో మొక్కను కోసి, ఆకులు ఒలిచి, అడుగున ఉన్న మొనను సూక్ష్మదర్శిని కింద పెట్టేది. మొన మీద జంటజంటగా గట్లు లేస్తే వెన్ను మొదలైనట్టు. నన్ను కూడా పిలిచి చూపించేది. నున్నగా, గుండ్రంగా, ఏ గీతా లేని బొడిపె. తర్వాతి వారం అదే బొడిపె. ఆ తర్వాతి వారం అదే. ఇరవై నాలుగు మొక్కలు పదిహేనుకు వచ్చాయి. చలి చూపించని కుండీల పక్కన పెడితే ఏది ఏదో పోల్చుకోలేకపోయాం.

ఆ రెండు నెలలు నేను ఎలా ఉన్నానో చెప్పాలంటే, ఉన్నాను. బస్సెక్కుతాను, సైనిక్‌పురిలో దిగుతాను, ఆ గదిలోకి వెళ్తాను, ఆ పచ్చదనం చూస్తాను. తన ముందు నీళ్లు పోస్తాను, తను లేనప్పుడు తిడతాను. ఒక్క వెన్ను తీస్తే నీ సొమ్మేం పోయింది అని నిజంగానే పైకి అన్నాను ఒకరోజు. ఇంకోరోజు టైమర్ మీద చెయ్యి పెట్టి, ఇంకో నాలుగు గంటలు పెంచితే పూస్తుందేమో అని ఆలోచించాను. తెల్ల టేపు మీద ఆ పిల్ల రాత చూసి చెయ్యి తీసేశాను. పెంచినా లాభం లేదని నాకు తెలుసు. గొళ్లెం లోపలినుంచి ఉంటే ఎంత పగలు చూపించి ఏం ప్రయోజనం? ఇంట్లో అన్నం సయించేది కాదు. ఎక్కడికైనా పారిపోదామంటే తొమ్మిదికీ ఒంటిగంటకూ అయిదింటికీ రీడింగులు. ఈసారి ఒక్కటి కూడా ముందు రాయలేదు, అది వేరే సంగతి.

అక్టోబరు చివరికి తను ఒక నిర్ణయానికి వచ్చేసింది. ఈ కొండగోధుమకు ఎనిమిది వారాల చలి పనిచేయదు, ఇది వేరే రకం అని. ఆ మేరకు అధ్యాయం రాసేసింది. చలిగది ఎంత నిలకడగా ఉందో చూపించడానికి నా రిజిస్టరులో అంకెలన్నీ కంప్యూటర్లో ఎక్కించి, సగటు కట్టింది. తన ఊరికి దగ్గర్లో ఒక కాలేజీలో లెక్చరర్ ఉద్యోగం వచ్చింది, జనవరిలో చేరాలి, ఈలోగా థీసిస్ ఇచ్చేయాలి. తొందరలో ఉన్నా, మొహంలో కళ వచ్చింది. ఒకరోజు టీ తాగుతూ కృతజ్ఞతల పేజీ తీసి నాకు చదివి వినిపించింది. ఇంగ్లిషులో రాసి తెలుగులో చెప్పింది. నా పేరు, ఇంటిపేరు పొడి అక్షరంతో సహా. కింద ఒక వాక్యం. ఎనిమిది వారాలపాటు ఒక్క రీడింగు కూడా తప్పకుండా చలిగదిని కాపాడిన అన్నకు నా నమస్కారం అని.

తల వంచుకుని టీ గ్లాసు కడగడానికి లేచాను. సిగ్గుపడ్డానని తను అనుకుంది.

సిగ్గు లేదు కాబట్టే ఆ మాట ఇంట్లో చెప్పాను. తొమ్మిదేళ్లలో నా నౌకరీ గురించి ఇంట్లో చెప్పుకోవడానికి ఒక్క మాట దొరికింది మరి. నాయిన రెండుసార్లు చెప్పించుకున్నాడు. మర్నాటికి మార్కెట్లో ఆకుకూరల వరస మొత్తానికి తెలిసిపోయింది. "పుస్తకంల మావోని పేరు అచ్చయితుంది. ఒక్క దినం సుత తప్పలేదని రాసిర్రు" అని తోటకూర కట్టలమ్మే ముసలామెకు చెప్తుంటే నేను వెనకే నిలబడి విన్నాను. ముందుకు వెళ్లాలో వెనక్కి రావాలో తెలియలేదు.

నవంబరు మొదటి వారంలో ఆ పిల్ల రిజిస్టరు పేజీల జిరాక్సులు తెచ్చి నా ముందు పెట్టింది.

"ఇవి థీసిస్ వెనకాల జోడించాలి అన్నా. ప్రతి పేజీ కిందా మీ సంతకం కావాలి. అంకెలు మీరే చూసి రాశారని."

జూన్ పేజీలకు పెట్టాను. జూలై మొదటి పేజీకి పెట్టాను. రెండో పేజీ వచ్చింది. నీలం, నలుపు జిరాక్సులో ఒకేలా కనబడుతున్నాయి. ఎంత అందంగా రాశానో ఆ అంకెలు. పెన్ను కాగితానికి ఆనించాను కానీ చెయ్యి కదల్లేదు. దొంగ అంకెలు రాసిన చెయ్యి, దొంగ సంతకానికి ఎందుకు మొండికేసిందో నాకిప్పటికీ తెలియదు. నేను పెట్టకపోతే నా నౌకరీ పోతుంది, తన జనవరి ఉద్యోగమూ పోతుంది. పెడితే తను హాయిగా వెళ్లిపోతుంది, ఒక అబద్ధాన్ని తన పేరుతో జీవితమంతా మోసుకుంటూ.

"చెల్లె, గీ పేజీ మీద నేను సంతకం పెట్టలేను" అన్నాను.

"ఏటయింది?"

"గీ ఆరు అంకెలు నేను శనివారం నాడే రాసిన. బోనాలకు ఇంటికాడ ఉన్న. ఆదివారం రాలె, సోమవారం రాలె. మంగళారం తలుపు తీస్తే ముప్పై ఎనిమిది ఉండె. సూదిని నేనే దించిన. గీ ఏడోది చూసి కూడా అబద్ధం రాసిన."

తను కాగితం వైపు చూసింది. వేలితో ఒక్కో అంకె మీదుగా జరుపుకుంటూ వచ్చింది. తిడుతుందని చూశాను. తిడితే బాగుండేది. లేచి వెలుతురు గది అద్దం దగ్గరికి వెళ్లి నిలబడింది. లోపల పదిహేను కుండీలు, పచ్చగా.

"అయితే దీని తప్పేటీ లేదన్నమాట" అంది. "మూడు నెలల్నుంచి దీన్నే తిట్టుకుంటున్నాను."

నా వైపు తిరక్కుండానే, "ఆ రోజు నన్ను ఇంటికి పొమ్మంది మీరే కదన్నా" అంది.

 తర్వాత బల్ల మీద తల పెట్టి ఏడ్చింది. నేను గోడకు ఆనుకుని నిలబడ్డాను. దగ్గరికి వెళ్లే మొహం లేదు. కళ్లు తుడుచుకున్నాక ఒకే ఒక్క మాట అంది. "ఇంకో నెల మీరు ఊరుకునుంటే నేను వెళ్లిపోయేదాన్ని." అది నిష్ఠూరమో ఇంకేమిటో నేను అడగలేదు.

మొక్కలు చావలేదు కదా, లెక్క మరిచాయి, అంతే. మళ్లీ మొదటినుంచి లెక్కపెట్టించాలి. ఆ సాయంత్రమే పదిహేను కుండీలనూ చలిగదిలోకి మోశాం. ఎనిమిది వారాల చలి, తర్వాత అంతకు తక్కువ కాకుండా వెలుతురు. జనవరి ఉద్యోగం పోయినట్టే. తనకు ఇష్టం లేని ఈ ఊళ్లో, ఒక హాస్టల్ గదిలో, నా మూలంగా ఇంకో చలికాలం ఇరుక్కుపోయింది. డైరెక్టర్ సార్ దగ్గరికి తనతోపాటు నేనూ వెళ్లి ఉన్నదున్నట్టు చెప్పాను. సార్ చాలాసేపు అరిచాడు. చలిగది తాళంచెవి తీసుకుని ఆ పిల్ల చేతికిచ్చాడు. నన్ను పెరట్లో మట్టి జల్లెడపట్టే పనికి మార్చాడు. మార్చి దాకా ఉండు, తర్వాత చూద్దాం అన్నాడు. చూద్దాం అంటే ఏమిటో తొమ్మిదేళ్ల అనుభవంతో నాకు తెలుసు, ఈసారి అర్థం వేరని కూడా తెలుసు.

ఆ చలికాలమంతా రోజుకు మూడుసార్లు తనే తలుపు తీసింది. సంక్రాంతికి కూడా ఊరు వెళ్లలేదు. అన్నా అనడం మానలేదు, టీ ఇవ్వడం మానలేదు. రిజిస్టరును మాత్రం నా కంటపడనిచ్చేది కాదు, నేను లోపలికి రాగానే మూసేసేది. అందులో కోపం కూడా లేదు. వేడిగిన్నెను ఒకసారి ముట్టుకున్నవాళ్లు గుడ్డ పట్టుకోవడం ఎలాగో, అలాగ. నేను పెరట్లో మట్టి జల్లెడపడుతూ తొమ్మిదికి, ఒంటిగంటకు, అయిదింటికి ఆ తలుపు చప్పుడు వినేవాణ్ణి. ఒక్కసారి కూడా తప్పలేదు. అలా నిజంగా తప్పకుండా చేయడం కుదురుతుందని తొమ్మిదేళ్లలో మొదటిసారి విన్నాను.

మార్చి మొదటి వారంలో ఒక మధ్యాహ్నం "అన్నా, రండి" అని కేక వినబడింది. చేతుల మట్టి దులుపుకుని, జనవరిలో కుండీలు మార్చిన వెలుతురు గదిలోకి వెళ్లాను. గడ్డి గడ్డిలా లేదు. నిటారుగా లేచి ఉంది. చివరి ఆకు తొడుగు ఒకచోట ఉబ్బి, పక్కకు చీలి, ఆ చీలికలోంచి మీసాలు బయటికొచ్చాయి. ఆకుపచ్చ వెన్ను, చిటికెనవేలంత. నేను దాన్ని ముట్టుకోలేదు.  కాలేజీలో తన ఉద్యోగం అప్పటికి ఇంకెవరికో ఇచ్చేశారు. ఇద్దరం చూస్తూ నిలబడ్డాం, ఒంటిగంట అవగానే తను రీడింగుకు వెళ్లింది.

ఆ నెలాఖరుకు నా కాంట్రాక్టు అయిపోయింది, ఈసారి పొడిగించలేదు. ఇప్పుడు ఇంటికి దగ్గర్లో ఒక స్కూలు ల్యాబులో పనిచేస్తున్నాను. కిందటి ఏడాది ఆ పిల్ల ఫోన్ చేసి, రైలు మారడానికి గంట టైముందని చెప్తే, సికింద్రాబాద్ స్టేషన్‌కు వెళ్లి కలిశాను. వేరే కాలేజీలో చేరిందట, సొంతూరికి చాలా దూరం. నీలం అట్ట థీసిస్ ఒక కాపీ నా చేతిలో పెట్టింది. రైలు కదిలే ముందు, "జూలై పేజీ అలాగే పెట్టాను అన్నా" అంది.

బెంచీ మీద కూర్చుని తెరిచాను. వెనక జోడించిన పేజీల్లో ఆ పేజీ ఉంది. ఏడు గడుల్లో నా అందమైన అంకెలు కొట్టేసి ఉన్నాయి. ఆ నవంబరులో తను నా చేతే పక్కన రాయించిన మాటలు ఉన్నాయి. రెండు రోజులు రీడింగు తీసుకోలేదు, మంగళవారం ఉదయం సూది 38 దగ్గర ఉంది, కింద నా సంతకం. ఆ రాత వంకరటింకరగా ఉంది.

తర్వాత ముందు పేజీలు తిప్పాను. కృతజ్ఞతల్లో చాలా పేర్లున్నాయి. చివరికి దగ్గర్లో నా పేరు, ఇంటిపేరు పొడి అక్షరంతో సహా, ఒక్క తప్పు లేకుండా. దాని కింద వాక్యం లేదు.

సాయంత్రం నాయిన దుకాణం కట్టేసి వచ్చి, కాళ్లు కడుక్కుని, పుస్తకాన్ని రెండు చేతులా పట్టుకున్నాడు. ఆయనకు ఇంగ్లిషు రాదు.

"ఏదీ, నీ పేరేడ ఉంది?"

చూపించాను. దానిమీద వేలు పెట్టి ఉంచాడు.

"సదువు మరి. ఏం రాసింది నీ గురించి?"

నా పేరు చదివాను. ఆయన వేలు తీయకుండా నా మొహం వైపు చూస్తూ ఆగాడు. ఇంకా ఉందనుకున్నాడు.

"అంతే నాయినా" అన్నాను.